సాయం చేసిన పక్కింటివారికి ఏమివ్వాలి: మిఠాయి నుంచి మంగళగిరి చీర దాకా ఒక పోలిక

అర్ధరాత్రి అంబులెన్స్ వచ్చేలోగా నాన్నగారిని మూడంతస్తుల మెట్ల మీదుగా దించిన ఎదురింటి కుర్రాడికి, మనం ఊరెళ్ళినన్నాళ్ళూ మోటారు వేసి, మొక్కలకు నీళ్ళు పోసి, గ్యాస్ బండ అందుకున్న పక్క పోర్షన్ పిన్నిగారికి, అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పిల్లలకు రెండు పూటలా అన్నం పెట్టిన కింది ఫ్లాట్ అక్కయ్యగారికి ఏదో ఒకటి ఇచ్చి మన సంతోషం తెలుపుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. తీరా ఏమివ్వాలన్నది బీసెంట్ రోడ్డంతా తిరిగినా తేలదు. వారినే అడిగితే "ఎందుకండీ ఇవన్నీ, మేమేం చేశామని" అంటారే తప్ప ఫలానాది కావాలని ఎవరూ చెప్పరు. విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో సాధారణంగా ఇచ్చే వస్తువులను పక్కపక్కన పెట్టి, ఏది ఏ ఇంటికి, ఏ సాయానికి నప్పుతుందో చూద్దాం.

ముందుగా చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముందు చూడవలసింది తిరుగు బాకీ, అంటే పుచ్చుకున్నవారు మనకు బదులు ఇవ్వాలని పెట్టుకునే లెక్క. మన వైపు కూర పోసి పంపిన గిన్నె ఖాళీగా తిరిగి రాదు. అడుగున చెంచాడు పంచదారో, పెరట్లో కోసిన కరివేపాకో వేసి ఇస్తారు. గిన్నెకే అంత పట్టింపు ఉన్నచోట, వెండి కుంకుమ భరిణె అందుకున్న ఇల్లాలు మన ఇంట్లో జరిగే తర్వాతి శుభకార్యానికి అంతకు తక్కువ కాని వస్తువు తేవాలని లెక్క వేసుకోకుండా ఉండదు. సాయం చేసినందుకు వారి మీద ఖర్చు పడేలా చేయడం కృతజ్ఞత అనిపించుకోదు కనుక, వారు సునాయాసంగా తిరిగి ఇవ్వగలిగిన స్థాయిలో ఉన్నదే సరైన కానుక అని నా అభిప్రాయం. నన్నడిగితే రోజువారీ సాయానికి మూడు నాలుగు వందలు, పెద్ద సాయానికి వెయ్యి, పదిహేను వందలు మించనక్కరలేదు.

రెండోది సాయం తీరు. ఒక్కసారి చేసిన పెద్ద సాయం వేరు, ఏడాది పొడవునా కొద్దికొద్దిగా చేస్తూ వచ్చేది వేరు. మొదటిదానికి నిలిచి ఉండే వస్తువు బాగుంటుంది. రెండోదానికి ఒకేసారి పెద్ద కానుక ఇస్తే లెక్క కట్టి తీర్చేసినట్టుంటుంది కాబట్టి, అప్పుడప్పుడూ చిన్నవి ఇస్తూ ఉండడం మేలు.

మూడోది ఆ ఇంట్లో ఎవరెవరున్నారన్నది. షుగరు, బీపీ ఉన్న పెద్దవారు, చిన్న పిల్లలు, వారి ఆహార నియమాలు, వారి మతం, ఇంట్లో ఉన్న చోటు, ఇవన్నీ పక్కింటివారిగా మనకు తెలిసినవే. తెలిసి కూడా పట్టించుకోకపోతే దుకాణంవాడు చేతిలో పెట్టింది తెచ్చి ఇచ్చినట్టే అవుతుంది.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు వారు పెట్టిన ఆటో ఛార్జీ, మందుల డబ్బు, ఓపీ ఫీజు కానుకలో కలిపేయకూడదు. ఆ మొత్తాన్ని వీలైతే ఆ రోజే, రూపాయితో సహా లెక్క చూసి, ఫోన్‌పేలోనో చేతికో వేరుగా ఇచ్చేయాలి. పైన ఇంకో ఐదువందలు కలిపి "ఉంచండి" అంటే అది కూలి ఇచ్చినట్టు ఉంటుంది. ఖర్చు తీర్చాక, కొన్ని రోజులు ఆగి, కానుక సంగతి చూడవచ్చు.

| ఇవ్వదగినది | ఏ సాయానికి | నిలవ | తిరుగు బాకీ | ఎక్కడ నప్పదు |
|---|---|---|---|---|
| మిఠాయి | చిన్న, ఒక్కసారి సాయం | కొద్ది రోజులు | దాదాపు లేదు | షుగరు ఉన్న ఇల్లు, పండుగ వారం |
| మామిడిపళ్ళు | రోజువారీ సాయం | మూడు నాలుగు రోజులు | లేదు | సీజన్ కాని రోజులు |
| ఇంటి ఆవకాయ | రోజువారీ సాయం | ఏడాది | గిన్నెకు గిన్నె | బీపీ ఉన్నవారు |
| మంగళగిరి బట్టలు | పెద్ద సాయం | ఏళ్ళు | ఉంటుంది | కొత్త పరిచయం |
| కొండపల్లి బొమ్మ | పెద్ద సాయం, వీడ్కోలు | ఏళ్ళు | తక్కువ | చోటు లేని ఇల్లు |
| వెండి, ఇంటి సామాను | అరుదుగా | ఏళ్ళు | చాలా ఎక్కువ | చాలా ఇళ్ళలో |

మిఠాయి

అందరికీ మొదట తోచేది మిఠాయి పెట్టె. దాని గొప్పతనమంతా తేలికదనంలోనే ఉంది: ఇచ్చేవారికి మొహమాటం లేదు, పుచ్చుకునేవారికి బరువు లేదు. కొరియర్ తీసుకున్నందుకో, కరెంటు పోయినప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచినందుకో ఇంతకన్నా పెద్దది అక్కరలేదు. అయితే దసరా, దీపావళి రోజుల్లో ఇస్తే మాత్రం అప్పటికే నాలుగు పెట్టెలు ఫ్రిజ్‌లో ఉంటాయి, మనది ఐదోదై మర్నాడు పనమ్మాయి ఇంటికి చేరుతుంది. పండుగ ఇంకో రెండు వారాలుందనగానో, పండుగ హడావిడి పూర్తిగా తగ్గాకో ఇవ్వాలి.

ఏ మిఠాయి అంటే, నా ఓటు బందరు లడ్డుకే. శనగపిండిని పూసలా వత్తి నేతిలో వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో నెయ్యి కలిపి కట్టే ఈ తొక్కుడు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచి లడ్డును రెండు వేళ్ళతో నొక్కితే ముద్దలా సాగదు, ఇసకలా రాలుతుంది, కాగితం మీద నేతి మరక మిగులుతుంది. పాలతో చేసింది కాదు కనుక ఎండల్లో కూడా కొన్నాళ్ళు చెడకుండా ఉంటుంది. పూతరేకులు చూడడానికి ఇంకా అందంగా ఉంటాయి, ఆత్రేయపురం పూతరేకులకు కూడా 2023లో ఆ గుర్తింపు దక్కింది. కానీ వన్‌టౌన్ నుంచి పటమట దాకా స్కూటరు మీద తెచ్చేసరికి పెట్టెలో సగం పొడి అవుతుంది, ఆ పొడిని కానుకగా ఇవ్వడం కుదరదు. పాలకోవా, కలాకంద్ లాంటివి ఏ రోజువి ఆ రోజే తినాలి. ఆ రోజు వారు ఇంట్లో ఉన్నారో లేదో కనుక్కుని తీసుకువెళ్ళాలి.

షుగరు ఉన్నవారికి "షుగర్ ఫ్రీ" అని రాసి ఉన్న పెట్టె తీసుకెళ్ళేవారున్నారు. వారి జబ్బును పెట్టె మీద అచ్చు వేసి ఇచ్చినట్టుంటుంది కాబట్టి నాకది నచ్చదు. జంతికలు, చేగోడీలు, వేయించిన జీడిపప్పు ఇస్తే ఏ ప్రస్తావనా లేకుండానే ఇంటిల్లిపాదీ తింటారు.

మామిడిపళ్ళు, ఆవకాయ

ఏప్రిల్ నుంచి జూన్ దాకా అయితే నేను మరో ఆలోచన పెట్టుకోను, మామిడిపళ్ళే ఇస్తాను. నున్న మార్కెట్టు ఊరి పక్కనే ఉంది, నూజివీడు ఎంతో దూరం కాదు, కాబట్టి ఈ ప్రాంతంవారు మామిడిపండు రుచిలో ఎవరి మాటా నమ్మరు, సొంత నాలుకనే నమ్ముతారు. కోసుకుని తినే ఇంటికి బంగినపల్లి, పిల్లలు చేతులు పూసుకుంటూ పీల్చుకుతినే ఇంటికి చిన్నరసాలు. పక్కింటివారు వేసవిలో ఏవి కొంటారో గుమ్మం దగ్గర సంచి చూస్తే తెలుస్తుంది. కార్బైడ్‌తో పండించడం నిషిద్ధమైనా ఆ భయం అందరిలో ఉంది కాబట్టి, పండినవి కొనేకన్నా బాగా ముదిరిన కాయలు కొని, ఇంట్లోనే గడ్డిలో మాగేసి, ముగ్గిన వాసన మొదలైన రోజున తీసి ఇవ్వడం ఉత్తమం. "ఇంట్లో మాగేసినవండీ" అన్న మాటకు ఖరీదైన ప్యాకింగ్ కన్నా ఎక్కువ విలువ ఉంటుంది. ఒక్క డజను చాలు. అంతకు తక్కువ ఇచ్చినా తప్పులేదు.

ఆవకాయ విషయం కొంచెం భిన్నం. ఇది రోజూ సాయం చేసేవారికి, మనతో అలవాటు ఉన్నవారికి నప్పే కానుక. మంచి కారం, మంచి నువ్వుల నూనె గుంటూరులో ఎక్కడైనా దొరుకుతాయి కనుక దుకాణంలో కొన్న పచ్చడి సీసా ఇవ్వడంలో అర్థం లేదు. అమ్మో, అత్తగారో పెట్టినదైతేనే ఇవ్వాలి. మూడో రోజు తిరగగలిపి, ఉప్పు చూసి, నూనె తేలాక, ప్లాస్టిక్ డబ్బాలో కాక మూత గట్టిగా పట్టే గాజు సీసాలో పెట్టి ఇవ్వాలి. బీపీ ఉన్న పెద్దవారింటికి మాత్రం ఊరగాయ పంపడం అంటే వారి డాక్టరుతో పోట్లాట పెట్టుకోవడమే. అద్దెకున్న బ్యాచిలర్ కుర్రాళ్ళకూ, ఉద్యోగం చేసే ఆడపిల్లలకూ ఇంతకు మించినది లేదు. వారు వండుకునేది అన్నం, పప్పు, తెచ్చుకునేది పెరుగు ప్యాకెట్.

పళ్ళూ ఆవకాయా రెంటిలో ఏదని అడిగితే, కొత్త పరిచయమైతే పళ్ళు, పాత పరిచయమైతే ఆవకాయ. పళ్ళు ఎవరి ఇంటివైనా తింటారు, పచ్చడి దగ్గర మాత్రం ఒక్కో ఇంటికి ఒక్కో రుచి, కొందరికి ఆచారాల పట్టింపు కూడా ఉంటుంది.

మంగళగిరి చీర, పంచె

మన ఆచారంలో బట్టలు పెట్టడానికి ఒక హోదా ఉంది. మిఠాయి ఎవరికైనా పంచుతాం, బట్టలు మాత్రం అయినవారికే పెడతాం. అందుకే చిన్న సాయానికి చీర ఇస్తే ఎదుటివారు ఇబ్బంది పడతారు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆదుకున్నవారికి మిఠాయి పెట్టె ఇస్తే మనకే చిన్నతనంగా ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు నీట మునిగినప్పుడు, కింది అంతస్తులవారిని పై అంతస్తులవారు రోజుల తరబడి తమ ఇళ్ళలో పెట్టుకున్నారు. ఉన్న బియ్యం, తాగే నీళ్ళు పంచుకుని బతికిన అలాంటి అనుబంధానికి తగినది, ఆ ఏడాది దసరాకో సంక్రాంతికో ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, దంపతులిద్దరికీ బట్టలు పెట్టడమే. తిరుగు బాకీ ఉంటుంది, నిజమే. ఇక్కడ ఆ రాకపోకలు సాగాలనే మనం కోరుకుంటాం కాబట్టి అది బరువు కాదు.

చీరలు విజయవాడ, గుంటూరుల్లో ఎక్కడైనా దొరుకుతాయి, వన్‌టౌన్ వస్త్రలతలో హోల్‌సేలుగానూ తీసుకోవచ్చు. అయినా రెండు ఊళ్ళకూ మధ్యనే మంగళగిరి ఉండగా వేరేచోట వెతకడం ఎందుకో నాకు తెలియదు. ఒంటి మీద డిజైను లేని సాదా నేత, అంచున జరీ, ఇదీ దాని తీరు. సాదాగా ఉండడమే కానుకకు కలిసివచ్చే గుణం: పూలు పెద్దవయ్యాయనో, రంగులు ఎక్కువయ్యాయనో వంక పెట్టడానికి ఉండదు, అరవై ఏళ్ళ పిన్నిగారైనా ముప్పై ఏళ్ళ టీచరమ్మైనా గంజి పెట్టి కట్టుకోవచ్చు. మగ్గం చీరేనా కాదా అన్న అనుమానం వస్తే అంచు పొడవునా వేలు పెట్టి చూడాలి. నేసేటప్పుడు బట్టను సాగదీసి పట్టుకునే బద్ద తాలూకు సూదిమొన రంధ్రాలు సన్నగా కనిపిస్తాయి. ఆప్కో దుకాణంలో కొన్నా, మంగళగిరి వెళ్ళి నేతవారి దగ్గరే కొన్నా, హ్యాండ్‌లూమ్ మార్క్ ఉందేమో అడగడంలో తప్పులేదు.

రంగు దగ్గర కొంచెం ఆలోచించాలి. నలుపు చాలామంది పుచ్చుకోరు. తెలుపు ముత్తయిదువలకు పెట్టరు. అదే తెలుపు, జరీ అంచుతో, ఆదివారం చర్చికి తెల్ల చీర కట్టుకునే క్రైస్తవ కుటుంబానికి ఎంతో ఇష్టంగా ఉండవచ్చు. మగవారికి పంచె, కండువా బాగుంటాయి, శాలువా మాత్రం వద్దు. ముందు గదిలో శాలువా కప్పగానే అది సన్మాన సభగా మారిపోతుంది, ఆయన రెండు మాటలు మాట్లాడవలసి వస్తుందేమోనని కంగారు పడతారు. ఒంటరిగా ఉంటున్న మగవారు పక్కింటి ఆవిడకు చీర ఇవ్వాలనుకుంటే తల్లి చేతనో, అక్క చేతనో ఇప్పించడం మర్యాద. అది కుదరకపోతే పళ్ళతో సరిపెట్టుకోవాలి.

కొండపల్లి బొమ్మ

ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరు వెళ్ళిపోతున్నవారికి నేను సూచించేది ఇదే. వెళ్ళిపోయేవారు ఇచ్చే కానుకకు ప్రతిగా ఇంకోటి ఇవ్వాలన్న ఒత్తిడి తక్కువ, బొమ్మ మాత్రం షోకేసులో ఏళ్ళ తరబడి ఉంటుంది. తెల్లపొణికి చెక్కను చెక్కి, చేతులూ తలా వేరువేరుగా అతికి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, ఆపైన రంగులు వేస్తారు. చేతిలోకి తీసుకుంటే ఇంత పెద్ద ఏనుగు ఇంత తేలికా అనిపిస్తుంది. ఆ తేలికే అది అసలు పొణికి చెక్క అనడానికి గుర్తు. బొమ్మల కొలువు పెట్టే ఇంటికి దశావతారాల సెట్టు, పిల్లలున్న ఇంటికి ఎడ్లబండి, కొత్త దంపతులకు పెళ్ళి పల్లకి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు ఇస్తే దేవుళ్ళ బొమ్మలు కాక ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, అంబారీ ఏనుగు ఎంచుకోవాలి. చిన్న పిల్లలు నోట్లో పెట్టుకునే వయసులో ఉంటే ఆడుకోవడానికి ఇవ్వకూడదు, అందనంత ఎత్తులో పెట్టమని చెప్పాలి. తడి గుడ్డతో తుడవవద్దని, పొడి బ్రష్ చాలునని చెప్పడమూ మరచిపోకూడదు. కొండపల్లి దాకా వెళ్ళే తీరిక లేకపోతే లేపాక్షి ఎంపోరియంలో దొరుకుతాయి.

మిగతావి

మొక్కలు ఇవ్వాలంటే వర్షాలు పడ్డాకో, చలికాలంలోనో ఇవ్వాలి. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండలో, పడమర బాల్కనీ ఉన్న ఫ్లాటుకు గులాబీ మొక్క ఇస్తే పదో రోజుకు ఎండిపోతుంది, ఆ ఎండిన కుండీని మనం చూస్తామేమోనని వారు దాచిపెడతారు. వెండి వస్తువులు, మిక్సీలు, డిన్నర్ సెట్లు నేను వద్దంటాను, కారణం మొదటే చెప్పాను. స్టీలు డబ్బాలు ఏ ఇంట్లోనైనా అటక నిండా ఉంటాయి.

సాయం చేసింది చదువుకునే పిల్లలైతే ఈ జాబితా అంతా పక్కన పెట్టవచ్చు. కుర్రాడు చేసిన సాయానికి వాళ్ళ అమ్మకు చీర ఇస్తే కుర్రాడికి దక్కేదేముంది? ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులకో, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గరకో, జనవరిలో జరిగే పుస్తక మహోత్సవానికో తీసుకెళ్ళి, వాడికి కావలసింది వాడినే ఏరుకోమనాలి. పోటీ పరీక్షలకు చదువుతున్న వారికైతే ఏ పుస్తకం కావాలో అడిగి కొనివ్వడంలో మొహమాటపడనక్కరలేదు.

పిల్లలు దూరాన ఉన్నవారి సంగతి

బ్రాడీపేటలోనో, మొగల్రాజపురంలోనో అమ్మానాన్నలు ఇద్దరే ఉండి, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఇళ్ళు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. అలాంటి ఇళ్ళలో పక్కింటివారు చేసేది మామూలు సాయం కాదు: మాత్రలు తెచ్చిపెడతారు, బీపీ చూపిస్తారు, ఫోను ఎత్తకపోతే వెళ్ళి తలుపు కొడతారు. దూరాన ఉన్న కొడుకూ కూతురూ ఆ రుణాన్ని ఖరీదైన ఫోనుతోనో, వాచీతోనో తీర్చాలని చూడడం సహజమే. అయితే తిరుగు బాకీ వారిని వెతుక్కుంటూ డల్లాస్ వెళ్ళదు, ఇక్కడ ఉన్న తల్లిదండ్రుల గుమ్మానికే వస్తుంది. పైగా అంత ఖరీదు వస్తువు పుచ్చుకున్నాక, అప్పటిదాకా ఇష్టంగా చేసింది జీతం లేని ఉద్యోగంలా అనిపించడం మొదలవుతుంది.

వీరికి నా సలహా రెండు భాగాలు. తల్లిదండ్రుల చేత నెలకోసారి పళ్ళో, సాయంత్రం వేడిగా చేసిన పునుగులో పంపించడం ఒకటి. అది వారి మధ్య ఇచ్చిపుచ్చుకోవడాన్ని సమంగా నిలుపుతుంది. ఊరికి వచ్చినప్పుడు సూట్‌కేసులు సర్దకముందే స్వయంగా వాళ్ళింటికి వెళ్ళి, కూర్చుని, కాఫీ తాగి, "పిన్నిగారూ, మీరుండబట్టి మేము అక్కడ నిద్రపోగలుగుతున్నాం" అని నోరు తెరిచి చెప్పడం రెండోది. చాక్లెట్లు తెచ్చినా వారి పిల్లలకే ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో కొని నేరుగా వారి ఇంటికి డెలివరీ పెట్టించడం అన్నిటికన్నా తక్కువ రకం, ఎందుకంటే డెలివరీ కుర్రాడు ఓటీపీ అడుగుతాడు తప్ప మన మాట చెప్పడు.

ఇచ్చే తీరు

గుమ్మంలో నిలబడి చేతిలో పెట్టి రాకూడదు. భోజనాల వేళ కాక, సాయంత్రం దీపాలు పెట్టాక వెళ్ళడం మంచిది. రంజాన్ నెలలో ముస్లిం కుటుంబానికి తినేవి ఇవ్వాలంటే ఇఫ్తార్‌కు కాస్త ముందు మంచి ఖర్జూరం పట్టుకెళితే వారికి ఆ పూటే పనికొస్తుంది. బట్టలైతే పసుపు కుంకుమలతో, తాంబూలంతో ఇవ్వడం అలవాటు. అయితే సాయం చేసినావిడ భర్త లేని పెద్దావిడైతే, నలుగురిలో బొట్టు పెట్టే సందర్భం తెచ్చి ఆమెను నొప్పించకుండా, పళ్ళతో కలిపి చీర చేతికిచ్చి, కాళ్ళకు దణ్ణం పెట్టి రావడం చాలా గౌరవంగా ఉంటుంది. ధర చీటీ తీసేయాలి, బిల్లు మాత్రం దాచాలి, జాకెట్టు కొలతో రంగో కుదరకపోతే మార్చుకోవడానికి పనికొస్తుంది.

ఒకవేళ వారు గట్టిగా వద్దంటే? మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి మొహమాటం. మూడోసారి కూడా వద్దంటే ఆ మాట నమ్మి వెనక్కి తెచ్చుకోవాలి. అలాంటి ఇంటికి వస్తువు కన్నా పనే సరైన బదులు: వారు తిరుపతి వెళ్ళిన రోజుల్లో పాల ప్యాకెట్ తీసి మన ఫ్రిజ్‌లో పెట్టడం, వారి అమ్మాయి పెళ్ళిచూపుల నాడు రెండు కుర్చీలూ, ఒక టేబుల్ ఫ్యానూ అడగకముందే పంపడం, వారి నాన్నగారి పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ మన ఫోనులో చేసిపెట్టడం.